సంఘ కాపరికి సలహా: ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి, ఎప్పుడు వద్దనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో కమిటీలు, కౌన్సిళ్లు ఎలాగూ ఉంటాయి. అక్కడి ఇబ్బంది సలహా దొరక్కపోవడం కాదు, సలహాలోకి రాజకీయం దూరడం. స్వతంత్ర సంఘాల్లో అలా కాదు. బోధ, కానుకలు, స్థలం కాగితాలు, పెళ్లిళ్లు, తగవులు అన్నీ ఒకే మనిషి చేతిలో ఉంటాయి. ఈ పేజీ ముఖ్యంగా అలాంటి సంఘాల పాస్టర్ల కోసం, వారి పక్కన నిలబడే పెద్దల కోసం.

దేవుడే నడిపిస్తున్నప్పుడు మనుషుల సలహా దేనికి?

దేవునితో ముఖాముఖిగా మాట్లాడిన మోషేకే సలహా అవసరమైంది. పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని అందరి తగవులూ తీరుస్తుంటే, ఇది మంచి పని కాదు, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అని చెప్పింది మామ యిత్రో (నిర్గమ 18). ఆయన మిద్యాను యాజకుడు, బయటి మనిషి, వచ్చిన మర్నాడే లోపం కనిపెట్టాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కో అధికారిని పెట్టమన్నాడు. అయితే దేవుడు కూడా అలా సెలవిస్తేనే చెయ్యమని చెప్పి ఊరుకున్నాడు. మోషే ఆ మాట విన్నాడు, చేశాడు.

ఇంకో సంగతి. దావీదు మందిరం కడతానన్నప్పుడు నాతాను ప్రవక్త వెంటనే సరే, కానివ్వమన్నాడు. ఆ రాత్రే దేవుడు ఆ మాటను దిద్దాడు (2 సమూయేలు 7). ప్రవక్త ఇచ్చిన సలహా కూడా తెల్లారేసరికి మారింది. అందుకే పెద్ద నిర్ణయం ఏదైనా అడిగిన రోజే తీసుకోవద్దంటాం.

రెహబాము కూడా సలహా అడిగాడు కదా. మరి తప్పు ఎక్కడ జరిగింది?

సొలొమోను కొడుకు రెహబాము రాజవుతున్నప్పటి సంగతి ఇది. 1 రాజులు 12ను నిదానంగా చదివితే, మొదట్లో అతను చేసినవి సరైన పనులే. షెకెములో జనం వచ్చి, నీ తండ్రి పెట్టిన బరువు తగ్గించమన్నారు. అతను వెంటనే నోరు జారలేదు, మూడు రోజుల గడువు అడిగాడు. ముందుగా సొలొమోను దగ్గర పనిచేసిన పెద్దలనే పిలిచాడు. ఇక్కడి వరకు వంక పెట్టడానికేమీ లేదు.

చెడింది 8వ వచనంలో. జనానికి మంచిగా జవాబివ్వమన్న పెద్దల ఆలోచనను తోసేసి, ఆ తర్వాత తనతో పెరిగినవాళ్లను పిలిచాడు. వాళ్లు బరువు ఇంకా పెంచుతానని చెప్పమన్నారు. అంటే రెండోసారి అడిగేసరికే నిర్ణయం అయిపోయింది. అతనికి కావలసింది సలహా కాదు, తనకు నచ్చిన మాట ఇంకొకరి నోట వినడం. మన దగ్గర కూడా ఇదే ఎక్కువ. ఒక సీనియర్ పాస్టర్ గారు వద్దన్నారని ఇంకొకరికి, ఆయనా తటపటాయిస్తే మూడో ఆయనకు ఫోన్ చేస్తారు. ఎవరో ఒకరు "దేవుడు దీవిస్తాడు బ్రదర్" అనగానే ఫోన్లు ఆగిపోతాయి.

ఈ భాగాన్ని యవ్వనస్థుల నోరు మూయించడానికి వాడే ప్రసంగాలు చాలా ఉన్నాయి. 14వ అధ్యాయం ప్రకారం రాజయ్యేనాటికి రెహబాము వయసు 41. అతనితో పెరిగిన ఆ "యౌవనులు" కూడా అటూఇటూగా నలభై ఏళ్లవాళ్లే అయి ఉండాలి. కాబట్టి తేడా వయసులో లేదు. పెద్దలు జనం బాధ తెలిసి మాట్లాడారు, వీళ్లు రాజు ముఖం చూసి మాట్లాడారు.

కథ అక్కడితో ఆగలేదు. వెట్టిపని మీద అధికారిగా ఉన్న అదోరామునే ఆ జనం దగ్గరికి పంపాడు. వెట్టి గురించి మొరపెట్టుకున్నవాళ్ల దగ్గరికి వెట్టి అధికారి! రాళ్లతో కొట్టి చంపారు. అప్పుడు 1,80,000 మందిని యుద్ధానికి పోగుచేస్తే, దైవజనుడు షెమయా వచ్చి వద్దన్నాడు, వెనక్కి తిరిగారు. వినడం చేతకాక కాదు. పది గోత్రాలు విడిపోయాక విన్నాడు.

ఏ విషయాలకు సలహా అడగాలి? ప్రతిదానికీ అడుగుతూ కూర్చుంటే పని సాగుతుందా?

సాగదు. ప్రసంగ వాక్యం, పాటల వరుస, ఉపవాస ప్రార్థన ఏ వారం పెట్టాలి లాంటివి మీరే చూసుకోండి. తర్వాత వెనక్కి తీసుకోలేనివి, ఇతరుల డబ్బుతో ముడిపడినవి, ఒక మనిషి పరువుతో ముడిపడినవి మాత్రం ఒంటరిగా నిర్ణయించకండి. స్థలం, అప్పు, కట్టడం, పెద్దలను పెట్టడం, తీసేయడం, సంఘ క్రమశిక్షణ, విదేశీ సొమ్ము, మీ తర్వాత ఎవరు అన్న సంగతి, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి.

ఎవరిని అడగాలి? ఎంతమందిని?

ముగ్గురు నుంచి ఐదుగురు చాలు. వారిలో ఒకరు మీ సంఘానికి బయట ఉన్న అనుభవజ్ఞుడైన సేవకుడు. ఒకరు ఆ పని తెలిసినవారు: కట్టడమైతే సివిల్ ఇంజనీరు, లెక్కలైతే ఆడిటర్, కాగితాలైతే లాయర్. ఆ మనిషి విశ్వాసి అయితే మంచిదే, కానీ పని రాని విశ్వాసి కంటే పని వచ్చిన నిజాయితీపరుడు మేలు. మూడోది, ఆ నిర్ణయం బరువు మోయబోయేవారిలో ఒకరు. మందిరం ఊరి బయటికి మారుస్తుంటే, ఆటో ఛార్జీ పెట్టుకుని రావలసిన వృద్ధురాలిని అడగకుండా మీ కారులో కూర్చుని నిర్ణయిస్తే ఎలా?

స్త్రీలను అడగడం మన సంఘాల్లో బాగా తక్కువ. చాలా సంఘాల్లో ఆదివారం ఎక్కువగా కూర్చునేది వాళ్లే, పెద్దల వరుసలో మాత్రం కనబడరు. నాబాలు భార్య అబీగయీలు దారిలో ఎదురెళ్లి చెప్పకపోయి ఉంటే దావీదు ఆ రోజు నాబాలు ఇంట రక్తపాతం చేసేవాడే (1 సమూయేలు 25). పాస్టరమ్మ గారిని అడగడం మంచిదే, అయితే ఆమె ఒక్కరినే అడిగి స్త్రీలందరినీ అడిగినట్టు లెక్క వేయకండి.

ఇక సలహాదారుల జాబితాలో ఉండకూడనివారు: మీ దగ్గర జీతం తీసుకునేవారు, మీ దగ్గరి బంధువులు, ఆ లావాదేవీలో కమీషన్ వచ్చేవారు. అందరికంటే ఎక్కువ కానుక ఇచ్చే వ్యక్తి విషయంలోనూ జాగ్రత్త. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆయన మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఆ గదిలో ఇంకెవరికీ ఉండదు. అహాబు రాజు దగ్గర ఇంచుమించు 400 మంది ప్రవక్తలు యుద్ధానికి వెళ్లమని ఒకే మాట చెప్పారు, మీకాయా ఒక్కడే కాదన్నాడు (1 రాజులు 22). 400 మంది ఉన్నా అక్కడ వినబడింది ఒకే గొంతు.

సలహా ఎలా అడగాలి? "ప్రార్థన చేయండి" అని చెబుతూనే ఉంటాం కదా?

"ఫలానా స్థలం తీసుకుందామనుకుంటున్నాం, ప్రార్థనలో పెట్టండి" అంటే సలహా అడిగినట్టు కాదు, నిర్ణయం ప్రకటించినట్టు. విన్నవాళ్లు ఆమేన్ అనడం తప్ప చేసేదేమీ ఉండదు.

అడిగే పద్ధతి ఇలా ఉంటే ఫలితం ఉంటుంది. విషయం ఒక పేజీకి మించకుండా కాగితం మీద పెట్టండి: ఏం చేయాలనుకుంటున్నాం, ఎంత ఖర్చు, డబ్బు ఎక్కడిది, వేరే దారులు ఏమున్నాయి, ఎప్పటిలోగా తేల్చాలి. కూర్చోవడానికి కనీసం మూడు రోజుల ముందు అందరికీ ఇవ్వండి. మీకు ఏది ఇష్టమో అందులో రాయకండి. కూర్చున్నాక "ఇది బాగుందా?" అనకుండా "ఇది చెడితే ఎక్కడ చెడుతుంది?" అని అడగండి. మొదటి ప్రశ్నకు మర్యాద కొద్దీ బాగుందనే అంటారు, రెండో ప్రశ్నకు ఆలోచించక తప్పదు. అందరికంటే చిన్నవారిని ముందు మాట్లాడనివ్వండి, పాస్టర్ గారు ఆఖర్న మాట్లాడాలి. పాస్టర్ గారు ముందే నోరు తెరిస్తే ఆ తర్వాత వినబడేది ఆయన మాటకు ప్రతిధ్వని మాత్రమే.

ఎవరైనా అభ్యంతరం చెబితే అక్కడికక్కడే జవాబివ్వకండి, రాసుకోండి. చివరికి ఏం నిర్ణయించారో, వారి సలహాలో ఏది తీసుకున్నారో, ఏది ఎందుకు తీసుకోలేదో వారం లోపు వారికే చెప్పండి. ఈ ఆఖరి పని చేసేవాళ్లు బాగా తక్కువ. అడిగి ఆ ఊసే ఎత్తకపోతే రెండోసారి ఎవరూ మనసు విప్పరు.

మందిరానికి స్థలం కొంటున్నాం. ఎక్కడ ఆగి అడగాలి?

బయానా ఇవ్వకముందు. ఎక్కువ సంఘాలు చిక్కుకునేది ఇక్కడే. అడ్వాన్సు ఇచ్చేశాక లాయర్ దగ్గరికి వెళితే, ఆయన చెప్పే లోపాలన్నీ అడ్డంకుల్లాగే వినబడతాయి, ఎందుకంటే డబ్బు అప్పటికే ఇరుక్కుపోయింది.

కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి. లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు) అన్నీ ఒరిజినల్స్‌తో సరిచూడండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. తక్కువ ధరకు వచ్చే స్థలం చాలాసార్లు అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అయి ఉంటుంది. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అలాంటి అమ్మకాలపై నిషేధం పెట్టింది. తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి ఆ భూమికి ఏది వర్తిస్తుందో లాయర్ చేత రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మేవారి కుటుంబంలో ఎంతమందికి హక్కుందో, అందరూ సంతకం పెడతారో లేదో చూసుకోండి. పాత ఇల్లు మందిరంగా మారుస్తుంటే పంచాయతీ లేదా మున్సిపాలిటీ అనుమతి సంగతి కూడా ముందే తేల్చుకోవాలి.

రిజిస్ట్రేషన్ ఎవరి పేరున? సంఘం కానుకలతో కొన్నది సొసైటీ లేదా ట్రస్టు పేరునే ఉండాలి. "ప్రస్తుతానికి అయ్యగారి పేరున పెడదాం, తర్వాత మారుద్దాం" అన్న మాటను ఒప్పుకోకండి. ఆ "తర్వాత" ఎప్పటికీ రాదు. అయ్యగారు కన్నుమూస్తే కాగితం ప్రకారం అది వారసుల ఆస్తి, అక్కడి నుంచి కోర్టు.

"దేవుడు నాతో చెప్పాడు" అని పాస్టర్ గారు అన్నాక ఇంకేం మాట్లాడతాం?

పౌలుకు త్రోయలో మాసిదోనియ మనిషి దర్శనం వచ్చింది. ఆ తర్వాతి వచనంలో, దేవుడు పిలిచాడని నిశ్చయించుకున్నది "మేము" అని ఉంటుంది (అపొ. కార్యములు 16:10). దర్శనం ఒకరిది, నిశ్చయం అందరిది. ప్రవక్తలు మాట్లాడాక మిగతావారు వివేచించాలని కొరింథీయులకు రాసిందీ ఆయనే.

పాస్టర్లకు మా సూచన: "దేవుడు చెప్పాడు" అనే బదులు "నాకు ఇలా తోస్తోంది, మీరు పరీక్షించి చెప్పండి" అనండి. నిజంగా దేవుని నడిపింపే అయితే పరీక్షకు తట్టుకుంటుంది. పెద్దలకు: "దేవుడు చెప్పలేదు" అని వాదించకండి, ఆ వాదన తెగదు. "సరే అయ్యగారూ, ఎప్పుడు, ఎంతతో, ఎవరి పేరున చేద్దామంటారు?" అని అడగండి. దర్శనం గొడవ పక్కన పెట్టి లెక్కలు మాట్లాడుకోవచ్చు.

అందరూ వద్దన్నా ముందుకెళ్లిన సందర్భాలు బైబిల్లోనే ఉన్నాయి కదా?

ఉన్నాయి. పౌలుకు సంకెళ్లు పడతాయని అగబు ప్రవచించాడు, శిష్యులు ఏడ్చారు, అయినా పౌలు యెరూషలేముకు వెళ్లాడు (అపొ. కార్యములు 21). కానీ అక్కడ సంకెళ్లు పడేది తనకే. ఇతరుల ప్రాణాన్ని, డబ్బును పణంగా పెట్టలేదు.

దీని పక్కనే 27వ అధ్యాయం పెట్టి చదవండి. ఖైదీగా ఓడలో వెళుతూ మంచిరేవుల దగ్గర, ఉపవాస దినం కూడా దాటిపోయిన కాలంలో, ఇక ప్రయాణం వద్దన్నాడు పౌలు. శతాధిపతి నావికుడి మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు, సముద్రం ఎరిగినవాళ్లే. ఆ రేవు చలికాలం గడపడానికి అనువుగా లేదన్నదీ నిజమే. ఎక్కువమంది ఫీనిక్సు వెళదామన్నారు. దానికి తోడు దక్షిణపు గాలి మెల్లగా వీచింది, అంతా కలిసొచ్చిందనుకున్నారు. ఓడలో ఉన్నది 276 మంది. ప్రాణాలు దక్కాయి, ఓడా సరుకూ పోయాయి.

కాబట్టి ఎక్కువ చేతులు లేచినంత మాత్రాన అది మంచి సలహా కాదు, పరిస్థితులు కలిసిరావడం దేవుని అనుమతి కాదు. నష్టం మీ ఒక్కరిదే అయితే సలహా కాదని వెళ్లే స్వేచ్ఛ మీకుంది. ఓడ నిండా జనం ఉంటే లేదు.

ఇద్దరు మంచివాళ్లు ఎదురెదురు సలహాలు ఇస్తే?

రెండింటిలో ఏది వింటే మీరు గొప్పగా కనబడతారో చూడండి, దాన్ని ఎక్కువ అనుమానించండి. తండ్రి దావీదు మీద తిరగబడిన అబ్షాలోముకు అహీతోపెలు చెప్పింది: 12,000 మందితో ఈ రాత్రే నేను వెళతాను. లోలోపల దావీదు పక్షాన ఉన్న హూషై చెప్పింది: ఇశ్రాయేలు అంతటినీ పోగుచేసి నువ్వే స్వయంగా యుద్ధానికి బయల్దేరు (2 సమూయేలు 17). రెండోది అబ్షాలోము చెవికి ఇంపుగా ఉంది. దావీదుకు కావలసిన సమయమూ దానివల్లే దొరికింది.

అప్పటికీ తేలకపోతే, వెనక్కి రాగలిగే దారి ముందు ఎంచుకోండి. స్థలం కొనే ముందు ఒక ఏడాది అద్దెకు తీసుకుని చూడటం లాంటిది.

నేను సంఘ పెద్దను. పాస్టర్ గారికి తప్పు చెప్పాలంటే ఎలా?

ముందు వేళ చూసుకోండి. ఆదివారం ఆరాధనకు ముందు వద్దు, అయిన వెంటనే అసలే వద్దు. శనివారం రాత్రి కూడా వద్దు. వారం మధ్యలో, ఇంటి దగ్గర, ఇద్దరే. వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టకండి. అపొల్లో బోధలో లోటు కనబడితే ప్రిస్కిల్ల, అకుల సమాజమందిరంలో లేచి నిలబడలేదు, ఆయనను చేర్చుకుని విడిగా వివరించారు.

ఒకసారి ఒకే విషయం. విన్నది కాదు, చూసింది చెప్పండి: తేదీ, మొత్తం, కాగితం. "అందరూ అనుకుంటున్నారు" అనకండి. ఆ మాట వినగానే ఎవరా అందరూ అన్నదాని మీదికే ఆయన మనసు పోతుంది. చివర్లో చేయదగిన పని ఒకటి సూచించండి. కుష్ఠు పోవాలంటే యొర్దానులో మునగమన్నారని సేనాధిపతి నయమాను కోపంతో వెళ్లిపోతుంటే దాసులు "నాయనా" అని పిలిచి, చిన్న పనే కదా చేసి చూడమన్నారు. ఆ మర్యాదా, ఆ చిన్న పనీ రెండూ కలిసి పనిచేశాయి.

వినకపోతే ఇంకొకరిని వెంటబెట్టుకుని రెండోసారి వెళ్లండి. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద నేరారోపణ తీసుకోవద్దని 1 తిమోతి 5:19. సాక్షులుంటే కొట్టిపారేయొద్దన్నదీ అందులోనే ఉంది.

"అభిషిక్తులను ముట్టకూడదు" అని ఉంది కదా, తప్పు ఎత్తిచూపడం పాపం కాదా?

కాదు. 105వ కీర్తనలో ఆ మాట రాజులతో అన్నది, పరదేశులుగా తిరుగుతున్న పితరులకు హాని చేయొద్దని. తనను తరుముతున్న సౌలు గుహలో చేతికి చిక్కినా చంపనన్న దావీదు, అదే గుహ బయట నిలబడి సౌలు చేస్తున్న అన్యాయాన్ని అందరి ముందూ చెప్పాడు. అంతియొకయలో పేతురును పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు.

కానుకల విషయంలో ఎలాంటి సలహా తప్పనిసరి?

పౌలు చందా సొమ్మును ఒంటరిగా మోయలేదు. ఎవరూ తప్పు మోపకుండా తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ని పంపాడు (2 కొరింథీ 8). 1948లో కాలిఫోర్నియాలోని మొడెస్టోలో బిల్లీ గ్రాహం, ఆయన సహచరులు ముగ్గురు కూర్చుని, సువార్తికులు ఎక్కడ పడిపోతున్నారో విడివిడిగా రాసుకొచ్చి చూస్తే నాలుగే తేలాయి: డబ్బు, స్త్రీలతో నడవడి, స్థానిక సంఘాలను కించపరచడం, సభల లెక్కలు పెంచి చెప్పడం. పడకముందే హద్దులు గీసుకున్నారు.

మన దగ్గర చేయవలసింది ఇది. బంధుత్వం లేని ఇద్దరు ఆరాధన అయిన వెంటనే లెక్కపెట్టాలి, పుస్తకంలో నోట్ల వారీగా రాసి ఇద్దరూ సంతకం చేయాలి, సోమవారం బ్యాంకులో వేయాలి. ఖర్చు చేసేది లెక్కపెట్టినవారు కాకూడదు. ఫోన్‌పే, గూగుల్‌పే క్యూఆర్ కోడ్ పాస్టర్ గారి సొంత ఖాతాది పెడితే ఎంత నిజాయితీపరుడికైనా సంజాయిషీ కష్టం.

విదేశీ సొమ్ము దగ్గర ఆడిటర్ లేకుండా అడుగు వేయొద్దు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) 2020 సవరణ తర్వాత అది న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు పంపితే? భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ సొమ్ము కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే, పుట్టింది గుంటూరులోనే అయినా విదేశీ సొమ్మే.

ఎప్పుడూ వినకూడని సలహా ఉందా?

ఉంది. "సంఘం పరువు పోతుంది, మనలో మనమే సర్దుకుందాం." పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, లేదా అనుమానానికి కారణం ఉంటే, ఎంత పెద్ద దైవజనుడు ఈ మాట చెప్పినా వినకండి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి నేరం దాస్తే ఏడాది దాకా. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు. మత్తయి 18 ప్రకారం ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తామనడం ఇక్కడ చెల్లదు, ఆ బిడ్డను మళ్లీ గాయపరచడమే అవుతుంది. ఆరోపణ పడిన వ్యక్తిని ఆ రోజే పిల్లల పని నుంచి తప్పించండి. విచారణ పోలీసులది, మీది కాదు.

పాస్టర్ గారి తర్వాత ఆయన కొడుకే రావాలా?

రాకూడదని లేదు, రావాలనీ లేదు. మోషే తర్వాత యెహోషువ వచ్చాడు, మోషే కొడుకులు కాదు. సమూయేలు కొడుకులను బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా పెడితే లంచాలు తిన్నారు. పెద్దలు ఆయన ముఖం మీదే నీ కొడుకులు నీలా నడవడం లేదన్నారు (1 సమూయేలు 8). సమూయేలంతటివాడికే ఆ మాట ఇంకొకరు చెప్పవలసి వచ్చింది.

ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ సంగతి కాగితం మీద పెట్టండి. అర్హతలు ముందు, పేర్లు తర్వాత. కొడుకు పేరు పరిశీలనలో ఉంటే తండ్రీ, బంధువులూ ఆ కూటమిలో ఉండకూడదు. అతను రెండు మూడేళ్లు వేరే సంఘంలో, వేరే కాపరి కింద పనిచేసి వచ్చి ఉంటే అక్కడివారి మాట కూడా తీసుకోవచ్చు.

మాది పల్లెటూరు, ఇంట్లో కూడిక, ఇరవై మంది. పెద్దలెవరూ లేరు. ఎవరిని అడగాలి?

పక్క ఊళ్ల పాస్టర్లు ఇద్దరితో నెలకోసారి కూర్చోండి, వేరే డినామినేషన్ అయినా ఫరవాలేదు. ఒకరి కానుకల పుస్తకం ఒకరు చూసి సంతకం పెట్టుకోండి.

మినిట్స్ పుస్తకంలో ఎంత రాయాలి?

తేదీ, వచ్చినవారి పేర్లు, విషయం, అడిగిన సలహా, వచ్చిన అభ్యంతరాలు, తీర్మానం, ఎవరు ఏ తేదీలోగా చేయాలి, సంతకాలు. అభ్యంతరం చెప్పినవారి పేరు రాయాలా వద్దా అన్నది వారినే అడగండి. కుటుంబ తగవులు, ఒప్పుకోళ్లు ఇందులో ఎక్కకూడదు. నంబర్లు వేసిన బైండు పుస్తకం వాడండి, విడి కాగితాలు వద్దు. ఖాళీ మిగిలితే గీత కొట్టండి. ఏడాదికోసారి పాత తీర్మానాలు తీసి, వచ్చిన అభ్యంతరాల్లో ఏవి నిజమయ్యాయో చదవండి. ఎవరి మాటను ఈసారి ముందుగా అడగాలో అందులోనే తెలుస్తుంది.